లెక్క పెడతాను, లెక్క పెడితిని

ఈసారి రాత కాస్త పొడుగు. కాఫీ తాగినాక నిదానంగా చదవండి.

పోయిన ఆదివారం మన హాల్లో పిల్లలకు తెలుగు క్లాసు జరుగుతా ఉండగా ఒక తల్లి వచ్చి తన కూతురి చెయ్యి పట్టి లేపింది. పాప ఆరో క్లాసు, తమిళ మీడియం. క్వార్టర్లీ పరీక్షలో ఇంగ్లీషుకు నూటికి 28 వచ్చింది. "తప్పుగా అనుకోవద్దు అన్నా. ఇంగ్లీషే రాలేదు, దీనికి తెలుగు ఒకటా? వచ్చేవారం నుంచి ఈ టైముకు ట్యూషన్లో వేస్తాను" అన్నది. ఆ తల్లి మాటలో అన్యాయం ఏమీ లేదు. మొదట్లో 19 మంది పిల్లలు వచ్చేవాళ్ళు, ఇప్పుడు 11 మంది. ఈ పాప పోతే పది.

పరీక్ష పేపరు చూపించమ్మా అన్నాము. చూస్తే వింతగా ఉండింది. గో, వెంట్ సరి. కమ్, కేమ్ సరి. ఈట్, ఏట్ సరి. కష్టమైనవన్నీ సరిగ్గా రాసిన పిల్ల సులభమైన చోట పడిపోయింది. "ఎస్టర్‌డే మై ఫాదర్ బుక్ ఎ టికెట్." "షి కుక్ రైస్ లాస్ట్ నైట్." "వి డిడ్ నాట్ వాక్ట్ టు స్కూల్." బుక్, కుక్, వాష్, కాల్, వాక్, వెయిట్, ఆరు మాటలు, ఆరూ తప్పు, ఆరింటికీ ఒకే రోగం. మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఆ రోగం మాకు పాత చుట్టం.

"పది నిమిషాలు ఇవ్వమ్మా" అని ఆ తల్లిని కూర్చోబెట్టినాము. పది నిమిషాలు గంటన్నర అయింది. ఆవాళ చెప్పాల్సిన ఒత్తుల పాఠం నిలిచిపోయింది. రాత్రికి గ్రూపులో మన పెద్దాయన ఒకరు అడిగినారు: "తెలుగు క్లాసని హాలు ఇస్తే అందులో ఇంగ్లీషు గ్రామరా?" అడగాల్సిన ప్రశ్నే. దానికి రెండు ముక్కల్లో జవాబు రాయబోయి చెరిపేసినాము. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు.

మేమంటే ఎవరో కొత్తగా చేరిన సభ్యులకు చెప్పాలి. ఆదివారం క్లాసు చూసుకునే ముగ్గురం. ముగ్గురివీ సాత్తూరు, కోవిల్‌పట్టి పక్కన కరిసల్ నేల ఊళ్ళు. ముగ్గురి ఇళ్ళలో తెలుగు, ముగ్గురిదీ తమిళ మీడియం. ఒకే ఏడాది రైల్వేలో క్లర్కులుగా చేరి, ఒకే ఏడాది రిటైర్ అయినాము. రాసే చెయ్యి ఒకటి, చెప్పేది ముగ్గురం. తెలుగు అక్షరాలు మాకు నలభై దాటినాక వచ్చినవి, కాబట్టి ఒత్తుల్లో తప్పులుంటే పిల్లలతో పాటు మమ్మల్నీ దిద్దండి.

మా చిన్నప్పుడు బడిలో ఇంగ్లీషు మూడో క్లాసులో మొదలయ్యేది. కాలాలు మాత్రం ఆరో క్లాసులో వచ్చినవి. వాత్తియార్ మంచాయన. ముందు తమిళంలో చెప్పేవారు: ఇఱంద కాలం, నిగళ్ కాలం, ఎదిర్ కాలం. తమిళంలో ఇఱంద అంటే గడిచిపోయిన అనీ అర్థమే, చచ్చిపోయిన అనీ అర్థమే. వెనక బెంచీలో మేము "చచ్చిన కాలం" అని తెలుగులో గొణుక్కుని నవ్వితే బెత్తం దెబ్బ. తరవాత బోర్డు మీద పెద్ద పెట్టె గీసేవారు. అడ్డంగా మూడు కాలాలు, నిలువుగా నాలుగు రకాలు, మొత్తం పన్నెండు గదులు. సింపుల్, కంటిన్యూయస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యూయస్. ఆ నాలుగో వరస పేరు పలకడానికే మాకు ఒక వారం పట్టింది.

గో-వెంట్-గాన్, రైట్-రోట్-రిటన్ అని కోలాటం పాటలాగా రోజూ అరిపించేవారు. వాటికి దెబ్బలు కూడా పడేవి కాబట్టి చచ్చేదాకా మరిచిపోము. మరి వాక్, వర్క్, కాల్, వెయిట్? "అవన్నీ రెగ్యులర్ వెర్బులు, చివర ఈ-డీ చేర్చుకోండి, ఎన్ద్రు ముడిందదు" అని ముగించేవారు. సులభం కాబట్టి వాటికి పాట లేదు, దెబ్బ లేదు, అభ్యాసం లేదు. మా ఆరో క్లాసు పాప పేపరులో జరిగిందీ అదే. దెబ్బ తిని నేర్చినవి నిలిచినవి, "అంతే" అని వదిలేసినవి జారిపోయినవి.

పలకడం ఇంకో కథ. ఇంగ్లీషు మాట కింద తమిళ అక్షరాల్లో ఉచ్చారణ రాసుకునేవాళ్ళం. తమిళంలో ట, డ రెండింటికీ ఒకటే అక్షరం. తమిళ మాటలకు అది చాలు, చోటును బట్టి నోరే సర్దుకుంటుంది. ఇంగ్లీషు మాటకు మాత్రం అది దారి చూపదు. అందుకని మాకు అన్నీ "వాక్కుడు, వర్క్కుడు, స్టాప్పుడు". ఇంగ్లీషువాడి నోట్లో ఆ ఈ-డీకి మూడు గొంతులు ఉంటాయని మాకు ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. మాట మనసులో తెలుగులో పుట్టి, తమిళంలో బట్టలు మార్చుకుని, ఇంగ్లీషులోకి పోవాలి. రెండుసార్లు బండి మారితే సామాను ఎక్కడో ఒకచోట దిగబడిపోతుంది. మా సామాన్లో పోయింది ఆ చిన్న ఈ-డీ.

తరవాత రైల్వే కౌంటర్. అట్ట టికెట్ల కాలం అది. టికెట్టును తేదీ మిషన్లో టక్కుమని కొట్టి ఇచ్చేది. మేము చేరిన కొత్తలో గమనించని సంగతి ఒకటి ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది. రైల్వే రబ్బరు స్టాంపుల మీద మాటలన్నీ రెగ్యులర్ వెర్బులే. రిసీవ్డ్. డెలివర్డ్. క్యాన్సెల్డ్. చెక్డ్. ఇష్యూడ్. ముప్పై అయిదేళ్ళు ఆ ఈ-డీలను రోజుకు వందసార్లు కాగితం మీద గుద్దినాము. చెయ్యి గుద్దింది, బుర్ర చూడలేదు.

ఇక అసలు సంగతి. 1988లో మాలో ఒకడికి ఎస్.ఎఫ్. 11 వచ్చింది. రైల్వేవాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: చిన్న శిక్షలకు ఇచ్చే ఛార్జి మెమో అది, పది రోజుల్లో జవాబు రాసుకోవాలి. ఒక రాత్రి డ్యూటీ మారేటప్పుడు క్యాషులో 240 రూపాయలు తక్కువ వచ్చింది. దిగిపోయేవాడు మావాడు. ఎక్కేవాడు ఇంకొకడు. పండగ రద్దీ, కౌంటర్ ముందు జనం. రిజిస్టర్లో ఎక్కేవాడి సంతకం పడలేదు. మావాడు డబ్బు లెక్కబెట్టి ఇచ్చిన మాట నిజం. మిగతా ఇద్దరం ఆ రాత్రి అక్కడ లేము, అయినా ముప్పై ఏళ్ళ స్నేహం మీద చెప్తాము, నిజం.

మావాడు కూర్చుని జవాబు రాసినాడు. ఇంగ్లీషులో, సొంతంగా. అదే చెడింది. "ఐ కౌంట్ ది క్యాష్ అండ్ హ్యాండ్ ఓవర్ టు ది రిలీవింగ్ క్లర్క్. హి చెక్ ది అమౌంట్. దెన్ ఐ లీవ్ ది కౌంటర్." మేమిద్దరం కూడా చదివినాము. మాకు అందులో తప్పేమీ కనిపించలేదు. స్పెల్లింగు ఒకటికి రెండుసార్లు చూసి, బాగుంది ఇచ్చెయ్యరా అన్నాము.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు సారాంశం ఇది: ఉద్యోగి రోజూ పాటించాల్సిన పద్ధతి ఏమిటో చెప్పుకున్నాడే తప్ప, ఆ రాత్రి దాన్ని పాటించినట్టు ఎక్కడా చెప్పలేదు. కాబట్టి 240 రూపాయలు కట్టాలి, ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపవలసింది. అప్పటి మా స్కేలు 975-1540. ఇంక్రిమెంటు నెలకు 25 రూపాయలు. డబ్బు చిన్నదే. సర్వీస్ రిజిస్టర్లో పడిన వరస చిన్నది కాదు.

ఆ స్టేషన్లో మా హెడ్ క్లర్క్ ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి. తమిళం మనకంటే బాగా మాట్లాడేవారు, ప్రతి మాట చివరా "మ్యాన్" అని ఒకటి తగిలించేవారు. మావాణ్ణి పిలిచి, "ఆ రాత్రి ఏమి జరిగిందో తమిళంలో చెప్పు మ్యాన్" అన్నారు. మావాడు చెప్పినాడు: "క్యాష్ కౌంట్ పణ్ణినేన్ సార్. హ్యాండ్ ఓవర్ పణ్ణినేన్. అవర్ చెక్ పణ్ణినార్." ఆయన కాగితం మీద వేలు పెట్టి, "సరి. ఇందులో ఆ పణ్ణినేన్ ఎక్కడ పోయింది మ్యాన్?" అని అడిగినారు.

మేము ముగ్గురం ఒక నిమిషం నోరు తెరుచుకుని నిలబడినాము. పన్నెండు గదుల పెట్టె చెప్పని సంగతి ఆ ఒక్క ప్రశ్న చెప్పింది.

మన నోట్లో ఇంగ్లీషు క్రియ ఎప్పుడూ బట్టతలతో వస్తుంది. బుక్ చేసినాను, క్యాన్సెల్ చేస్తాను, చెక్ చేస్తా ఉండాను, ఫోన్ చేయలేదు. కాలం అంతా చేయడం మీద ఉంటుంది, ఇంగ్లీషు మాట కదలకుండా కూర్చుంటుంది. తమిళంలో పణ్ణడం మీద, తెలుగులో చేయడం మీద. రోజంతా కౌంట్, చెక్, బుక్ అని అంటూనే ఉంటాము కాబట్టి ఆ మాటలు మాకు బాగా వచ్చు అనుకుంటాము. కాగితం మీద ఇంగ్లీషు రాసేటప్పుడు చేసినాను అనే తెలుగు మాటను తీసేస్తాము. దానితో పాటు కాలాన్నీ తీసేస్తున్నామని తోచదు. మిగిలేది ఉత్త కౌంట్, ఉత్త చెక్. ఇంగ్లీషువాడు ఆ ఉత్త మాట చదివితే వాడికి వినిపించేది "లెక్క పెడతాను", అంటే నా అలవాటు, నా పద్ధతి. ఉత్తర్వు రాసిన అధికారి గ్రామరు ప్రకారం తప్పు చేయలేదు. మనిషిగా పిలిచి ఒక మాట అడిగి ఉండవచ్చు, అది వేరే సంగతి.

నలభై అయిదు రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. హెడ్ క్లర్క్ గారు స్వయంగా రాసి ఇచ్చినారు, కౌంటెడ్, హ్యాండెడ్ ఓవర్, చెక్డ్ అని అన్నిటికీ తోకలు పెట్టి. అప్పీలు నిలవలేదు. మొదటి జవాబులో లేని సంగతి ఇప్పుడు ఎట్లా వచ్చింది అన్నారు.

ఊళ్ళో ఇంకో విధంగా పాకింది. రైల్వేలో డబ్బు తగ్గిందంట, జీతం ఆపినారంట. ఈ రెండు ముక్కలు చేర్చుకుంటే ఊరికి ఇంకేమి కావాలి? మావాడు పొంగలికి పోయినప్పుడు వాళ్ళ నాయన పత్తి చేను గట్టు మీద కూర్చోబెట్టి అడిగినాడంట.

"నిజం చెప్పు. దుడ్డు లెక్క పెడితివా, లేదా?"

"పెడితిని నాయనా."

"వానికి ఇస్తివా?"

"ఇస్తిని."

"అట్లే రాసి ఉండాల్సింది కదరా. దానికెందుకు జీతం ఆపినారు?"

మావాడి దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషులో కాలం తప్పినాను నాయనా అంటే, కాలం తప్పేది వాన కదా, మనిషెట్లా తప్పుతాడు అన్నాడంట. ఆ పెద్దాయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. కొడుకు మాట నమ్మినాడో, కడుపులో ఏదైనా పెట్టుకుని పోయినాడో, అది మావాడికి ఈనాటికీ తెలీదు.

ఇది ఎందుకు ఇంత చెప్తున్నామంటే, పత్తి చేను గట్టు మీద మావాడి నోట్లో కాలం ఒక్కసారి కూడా తప్పలేదు. పెడితిని, ఇస్తిని. మన ఇళ్ళ తెలుగులో వస్తాను వేరు, వస్తిని వేరు. మధ్యలో అచ్చు ఒకటి కదిలితే రేపు నిన్న అవుతుంది. చదువు లేని తండ్రి, తమిళ మీడియం కొడుకు, ఇద్దరూ ఆ తేడా తొణక్కుండా పట్టుకున్నారు. ఆ చెవి ఉన్నవాడికి కౌంట్, కౌంటెడ్ కొండంత పని కాదు. ఆ చెవికీ ఆ ఇంగ్లీషుకూ మధ్య ఎవరూ పలక వేయలేదు, అంతే.

పోయిన ఆదివారం మేము వేసింది ఆ పలకే.

పాపను బోర్డు దగ్గరికి పిలిచి ముందు తెలుగులో చెప్పమన్నాము. "మా నాయన నిన్న టికెట్ బుక్ చేసినాడు." చేసినాడు కింద గీత గీసినాము. ఇప్పుడు చేసినాడు తుడిచెయ్యి. తుడిచింది. కాలం ఎక్కడ పోయింది? "తుడిచేస్తిని కదా తాతా" అన్నది. అయితే దాని తోక తెచ్చి బుక్‌కు కట్టు. బుక్ట్. ఇట్లా వరసగా ఆరూ చేసింది. చేసినాను, చేసినావు, చేసినాడు, చేసింది, చేసినాము, చేసినారు అని మనకు మనిషి మారితే తోక మారుతుంది. ఇంగ్లీషులో ఆరుగురికీ ఒకే ఈ-డీ. మనం ఎక్కువ కష్టమైనది ఇంట్లో పాలు తాగేటప్పుడే నేర్చేసినాము అని చెప్తే పిల్లలకు భలే సంతోషం.

చేస్తా ఉండాడు అంటే ఐ-ఎన్-జీ, ముందర ఈజ్. చేస్తాడు అంటే రోజూ చేసే పనైతే బుక్స్, రేపటి పనైతే విల్ బుక్. ఆ ఎస్ మీద పిల్లలకు ఒక సందేహం వచ్చింది. మా నాయన వస్తారు అని గౌరవంగా అంటాము కదా, వస్తారుకు ఎస్ వద్దన్నారు కదా, అయితే నాయనకు కమ్ కదా అని ఒక అబ్బాయి అడిగినాడు. మంచి ప్రశ్న. ఇంగ్లీషులో గౌరవం క్రియలో ఉండదు నాయనా, ఒక్క మనిషైతే కలెక్టరైనా కమ్స్, కుక్కపిల్లైనా కమ్స్ అన్నాము. వాడికి అది నచ్చలేదు. మాకూ ఇప్పటికీ నచ్చదు.

అన్నిటికంటే బాగా పట్టింది లేదు దగ్గర. పాప "డిడ్ నాట్ వాక్ట్" అని రాసింది కదా. ఇందులో తెలుగు నేరుగా చెయ్యి అందిస్తుంది. నడిచినాను అంటాము. దాన్ని కాదనాలంటే "నడిచినాను లేదు" అంటామా? అనము. నడవలేదు అంటాము. ఆ నడవలో కాలం లేదు, మనిషీ లేదు. కాలం అంతా లేదు మోస్తుంది. డిడ్ నాట్ కూడా ఆ లేదు లాంటిదే. అది కాలాన్ని మోస్తుంటే వాక్ ఇంకెందుకు మోయాలి? నడవ లేదు, డిడ్ నాట్ వాక్. పాప తన పేపరులో తానే కొట్టేసి దిద్దుకుంది. వాళ్ళమ్మ అప్పటికి చెప్పుల దగ్గర నుంచి లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

హావ్ సంగతి కూడా ఒక మాట చెప్పాలి, గుమస్తా పని చేసినవాళ్ళందరూ పడే గుంట అది. "ఐ హావ్ రిసీవ్డ్ యువర్ లెటర్ ఎస్టర్‌డే" అని మేమే వందల ఉత్తరాలు రాసినాము. నిన్న అనో, తేదీయో చెప్పినామంటే హావ్ దిగిపోవాలి. వచ్చేసింది అని ఊరికే చెప్తే హావ్, ఎప్పుడు వచ్చిందో చెప్తే ఉత్త ఈ-డీ. రెగ్యులర్ వెర్బులో ఒక సుఖం ఏమంటే రెండు చోట్లా రిసీవ్డే. రోట్, రిటన్ అని మారే తలనొప్పి లేదు. లెక్క వేసి చూపించినాము: పన్నెండు గదుల ఇంట్లో రెగ్యులర్ వెర్బు మనుషులు నలుగురే. వాక్, వాక్స్, వాక్ట్, వాకింగ్. మిగతా అంతా ఈజ్, వాజ్, హావ్, హ్యాడ్, విల్, బీన్ అనే కూలీల పని.

మేము రైలువాళ్ళం కదా, అరైవ్ అనే మాట లేకుండా ఎట్లా? టైం టేబుల్లో ఉండేది అరైవ్స్. బండి మూడు గంటలు లేటైనా టైం టేబుల్లో అది అరైవ్సే, ఎందుకంటే అది అలవాటు చెప్తుంది, నిజం చెప్పదు. స్టేషన్ రిజిస్టర్లో ఎక్కేది అరైవ్డ్. మావాడి పాపం అంతా రిజిస్టర్ రాయాల్సిన చోట టైం టేబుల్ రాయడం.

ఈ అరైవ్స్‌కు మన వ్యాకరణంలో పేరు ఉందని మాకు రిటైర్ అయినాక తెలిసింది. చిన్నయసూరి గారి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. మూడు కాలాలు చెప్పి ఊరుకోలేదు ఆయన, తద్ధర్మార్థకం అని ఇంకొకటి చెప్పినారు. ఏ కాలానికీ కట్టుబడక, అది దాని స్వభావం, అలవాటు అని చెప్పే రూపం. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నట్టు. ఇంగ్లీషువాడు సింపుల్ ప్రెజెంట్ అని తప్పు బోర్డు తగిలించినది చాలావరకు ఇదే. ప్రెజెంట్ అన్నందుకు మా తరం అంతా దాన్ని ఇప్పుడు జరిగేది అనుకున్నాము. ఇంకో తమాషా. ఇంగ్లీషు క్రియకు రూపంలో ఉండేది రెండే కాలాలు, గతం, గతం కానిది, రేపటికి విల్ అనే సాయం మాటే గానీ వేరే తోక లేదు అని ఈనాటి భాషాశాస్త్రజ్ఞులు చాలామంది అంటారు. మన వస్తాను కూడా రోజూకూ రేపటికీ ఒకటే కదా. సూరిగారు ఎక్కడివారో కాదు, శ్రీపెరుంబుదూరులో పుట్టి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పినవారు. మనలాగా ఈ గడ్డ మనిషే. మా రైలు మాత్రం ఇంకా ఆ ఊరికి పోలేదు.

పలకడం దగ్గర కూడా ఆయన మాటలే అక్కరకు వచ్చినవి. పరుషాలు, సరళాలు. క, ప, చ లాంటి గట్టి శబ్దం తరవాత వచ్చే ఈ-డీ గట్టిగా ట్ అవుతుంది: బుక్ట్, స్టాప్ట్, వాచ్ట్. మెత్తని శబ్దం తరవాత, అచ్చు తరవాత డ్: కాల్డ్, రిసీవ్డ్, ఇష్యూడ్. ట, డ లతోనే ముగిసిన మాటకు మధ్యలో ఒక ఇ దూరుతుంది: వెయిటిడ్, కౌంటిడ్, హ్యాండిడ్. ఈ మూడూ మూడు రకాలుగా రాయడానికి తెలుగులో అక్షరాలు ఉన్నవి. పాప తన ఇంగ్లీషు నోటు తీసి, ఈ-డీ మాటల కింద తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టింది. ఒత్తుల పాఠం నిలిచిపోయింది అన్నాము కదా, నిజానికి నిలవలేదు. బుక్ట్‌లో పొల్లు ఎక్కడ పెట్టాలి, స్టాప్ట్‌లో ట ఒత్తు ఎట్లా రాయాలి అని అరగంట అదే గొడవ.

స్పెల్లింగులో ఒక ముడి మాత్రం విప్పలేక మేమూ తడబడినాము. రిమిట్‌కు ఈ-డీ చేర్చేటప్పుడు రెండు టీలు, డెబిట్‌కు ఒకటే టీ. రెండూ మా క్యాష్ బుక్కులో పక్కపక్కన ఉండే మాటలే. గొంతు రెండో ముక్క మీద నొక్కితే అక్షరం రెట్టిస్తుంది, మొదటి ముక్క మీద నొక్కితే లేదు. రిమిట్, డెబిట్ అని పలికి చూడండి. మరి క్యాన్సెల్‌కు మొదట నొక్కినా రెండు ఎల్‌లు ఎందుకు? అది బ్రిటిష్‌వాడి అలవాటు, అమెరికావాడు ఒకటే ఎల్ రాస్తాడు. పిల్లలు ఫోన్‌లో చూసి "తాతా, మీది తప్పు" అంటే స్టాంపు చూపించండి.

ఇదంతా చదివి తమిళ మీడియం మీద మాకు కోపం అనుకునేరు. లేదు. పణ్ణినేన్ ఎక్కడ పోయింది అని అడిగి మా కళ్ళు తెరిపించింది తమిళమే. మన కరిసల్ నేల తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్ తమిళంలో రాసి, 'గోపల్లపురత్తు మక్కళ్' మీద 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి తెచ్చుకున్నారు. చెవిలో ఇంటి మాట ఉంటే ఏ భాషలోకైనా దారి దొరుకుతుంది. ఇంటి మాటనే చెవి నుంచి తీసేసినాక ట్యూషన్‌లో ఎన్ని పెట్టెలు గీసినా లాభం ఏమిటో మాకు తెలీదు. ఇది మా అభిప్రాయం, పెద్దాయన ఒప్పుకోకపోతే కమిటీలో మాట్లాడదాము. హాలు ఇచ్చింది తెలుగుకే. ఆ గంటన్నరలో బోర్డు మీద ఇంగ్లీషు కంటే తెలుగే ఎక్కువ ఉండింది, ఫోటో తీసి ఉంచినాము.

ఆ ఎస్.ఎఫ్. 11 ఎవరికి వచ్చిందని ఫోన్ చేసి అడగవద్దు. ముగ్గురి ఇళ్ళలోనూ తెలుసు. ముగ్గురి ఇంటామెలూ ఈ రాత అచ్చుకు ముందు చదివి, "25 రూపాయలకు ఇంత పొడుగా?" అని ఒకే మాట అన్నారు.

వచ్చే ఆదివారం సాయంత్రం 4 గంటలకు క్లాసు ఉంది. మొదట ఒత్తులు, చివర అరగంట తోకలు. ఆ తల్లి నిన్న ఫోన్ చేసింది, పాపను పంపుతానన్నది, పక్కింటి పిల్లను కూడా. ఇంట్లో పాత క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ ఇంగ్లీషు పేపర్లు ఉన్నవాళ్ళు, తక్కువ మార్కులవైనా సరే, తెచ్చి ఇవ్వండి. సుద్దముక్కలు అయిపోయినాయి, ట్రెజరర్ తమ్ముడు గమనించాలి.